సెవెన్ ఎక్కింపు ఘట్టం: టీకా తాత్పర్య సహితం

మూలం: అన్నా, కొత్త ల్యాప్‌టాప్‌ల జర సెవెన్ ఎక్కియ్యవా?

టీక: అన్నా = ఓ డీటీపీ షాపు యజమానీ; కొత్త ల్యాప్‌టాప్‌ల = మొన్ననే కొన్న ల్యాప్‌టాప్ నందు; జర = కొంచెం (పని కొంచెమేనని వక్త భ్రమ); సెవెన్ = 2009 అక్టోబరులో పుట్టి, 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ ఉచిత రక్షణ పోగొట్టుకున్న విండోస్ 7ను; ఎక్కియ్యవా = ఇన్‌స్టాల్ చేయవా. తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్‌కు పోయే దారిలో తెలుగు పరిశోధక విద్యార్థి ప్రార్థన ఇది.

తాత్పర్యం: పైపైన చదివితే వక్త సెవెన్‌ను కోరుతున్నట్టే ఉంటుంది. అతనికి కావలసింది సెవెన్ కాదు; అను ఫాంట్లు, పేజ్‌మేకర్ అనే రెండు మాటలు ఇక్కడ అధ్యాహారం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మన డీటీపీ ఇంగ్లిషు అక్షరాల సంకేతాలకు తెలుగు రూపాలు తొడిగిన ఇలాంటి ఫాంట్లతోనే ఏళ్లకేళ్లు నడిచింది. ఆ ఫాంటు లేని మెషీన్‌లో తెరిస్తే థీసిస్ అంతా డాలరు గుర్తులూ, నెత్తిన చుక్కలున్న రోమన్ అక్షరాలూ అయి కూచుంటుంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దృష్టి ఇన్‌డిజైన్ మీదికి పోయింది. ఈ పాత సరంజామా కొత్త విండోస్‌లో ఒకచోట నడిచి మరోచోట మొరాయిస్తుంది. కనుక ఇతనిది మొండితనమనడం అన్యాయం. పాత ఫైళ్లను బతికించుకునే ఆరాటం ఇది.

అయితే కోరిక న్యాయమైనంత మాత్రాన సెవెన్ ఎక్కదు. పెన్‌డ్రైవ్ నుంచి సెటప్ చక్కగా మొదలవుతుంది. కాసేపటికే సీడీ డ్రైవు డ్రైవరు లేదంటుంది, ఫ్లాపీ ఉంటే పెట్టమంటుంది. సీడీ డ్రైవే లేని ల్యాప్‌టాప్‌ను! కారణం హాస్యం కాదు. యూఎస్‌బీ 3.0ను విండోస్ తనంతట తాను గుర్తుపట్టడం 2012లో విండోస్ 8తో మొదలైంది. 2015 నాటి ఇంటెల్ ఆరో తరం నుంచి పాత యూఎస్‌బీ కంట్రోలరే తీసేశారు. బయాస్ చేయి వదిలిన క్షణాన సెటప్‌కు తాను వచ్చిన పెన్‌డ్రైవే కనబడదు. డ్రైవర్లు ముందే కలిపి ఎక్కించిన ఘనులు లేరా అంటే, ఉన్నారు. ఎక్కాక వైఫై, డిస్‌ప్లే డ్రైవర్లకు ఎక్కడికి పోవాలి? కొత్త ప్రాసెసర్లకు ఇక విండోస్ 10 ఒక్కటేనని మైక్రోసాఫ్ట్ వాళ్లు 2016 జనవరిలోనే చెప్పేశారు.

మరి కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చరాదా అని శంక. మార్చాల్సిందే, కానీ వైవా ముందు కాదు. ఫాంటులో అక్షరపు ముక్కలు కంటికి కనబడే వరసలో, యూనికోడ్‌లో పలికే వరసలో ఉంటాయి. ఆ సర్దుబాటులో ఒకటీ అరా ఒత్తు జారుతుంది, పేజీలు కదిలి విషయసూచిక తప్పుతుంది. అందుకే సిద్ధాంతమిది: కొత్త విండోస్‌ను కదపకుండా, కంప్యూటరులోనే మరో ఊహా కంప్యూటరును నడిపే వర్చువల్‌బాక్స్ లోపల సెవెన్‌ను కూర్చోబెట్టాలి. వర్చువల్‌బాక్స్ చూపించే పాతకాలపు హార్డ్‌వేర్‌ను సెవెన్ ఇట్టే గుర్తుపడుతుంది. భద్రత సంగతేమిటంటారా? దానికి నెట్టు ఇవ్వకండి. పీడీఎఫ్ బయటికి వస్తే చాలు.