ఏ రోడ్డు మీద?

ఆ రోజు ఆ మాటలు ఎందుకన్నానా అని ఇప్పటికీ బాధపడుతుంటాను. కెనడా ఉత్తరాన, మెకెంజీ నది పాయలు పాయలుగా చీలి సముద్రంలో కలిసే ప్రాంతంలో, ఇనువిక్‌లో ఉద్యోగానికి చేరిన కొత్తలు. మా ఆఫీసులో ఒక పెద్దావిడ, గ్విచిన్ జాతి మనిషి. సొంతూరు అక్లావిక్, తల్లి అక్కడే ఉంటుంది. మే నెలలో ఒకరోజు తల్లికి చేయించిన కొత్త కళ్లజోడు బల్లమీద పెట్టుకుని, ఎలా పంపాలా అని ఆలోచిస్తోంది. నేను ఫోన్లో మ్యాపు తీసి కొలిచాను. నేరుగా 55 కిలోమీటర్లు. విజయవాడ నుంచి ఏలూరంత దూరం. "శనివారం కారేసుకెళ్లి నేనే ఇచ్చొస్తాలెండి" అన్నాను.

"ఏ రోడ్డు మీద?" అని అడిగిందావిడ.

రోడ్డు లేదు. రెండు ఊళ్ల మధ్య ఉన్నదంతా నది పాయలు, లెక్కలేనన్ని చెరువులు, ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల. చలికాలంలో ఆ పాయలు గడ్డకడితే, పైన మంచు ఊడ్చి దారి చేస్తారు. దాన్నే ఐస్ రోడ్డంటారు. నీటి మీది మంచుగడ్డ ఎంత మందం కట్టిందో కొలిచాకే బరువు లారీలను వదులుతారు. ఆ దారి నది తిరిగిన చోటల్లా తిరుగుతుంది కాబట్టి 55 కాస్తా సుమారు 117 కిలోమీటర్లవుతుంది. వేసవిలో పడవలుంటాయి. మంచు కరిగే మే నెలలో, మళ్లీ నీళ్లు గడ్డకట్టే అక్టోబరు ప్రాంతంలో బండీ పోదు, పడవా పోదు. దిక్కల్లా చిన్న విమానమే, అదీ పొగమంచు దారిస్తేనే. ఆ వారం ఇవ్వలేదు. మొకాసిన్లనే తోలు చెప్పుల మీద పూసలు కుట్టే ఆ ముసలితల్లి పాత అద్దాలతోనే సూదిలోకి దారం ఎక్కించుకుంటూ కూర్చుంది.

అక్కడైనా నోరు మూసుకోవాల్సింది. "ఇన్ని తిప్పలెందుకండీ, ఆ ఊరివాళ్లంతా ఇక్కడికే వచ్చేయొచ్చు కదా" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. "మా అమ్మ చిన్నప్పుడే ప్రభుత్వం ఆ మాట చెప్పింది" అంది.

నేనుంటున్న ఊరు ఎందుకు పుట్టిందో కూడా తెలుసుకోకుండానే ఆ సలహా ఇచ్చాను. అక్లావిక్‌కు వరదల బెడద, నది ఒడ్డు కోత. పెరగడానికి చోటు లేదని 1950లలో ప్రభుత్వం ఆ ఊరిని ఎత్తేసి ఇక్కడికి తరలించాలనుకుంది. అలా కట్టిన ఊరే ఇనువిక్. 1958లో ఆ పేరు పెట్టారు. చాలామంది వచ్చేశారు. కొందరు కదల్లేదు. వేటా, చేపలూ, పూర్వీకుల సమాధులూ అక్కడే ఉన్నాయి మరి. 'నెవర్ సే డై' అన్నది ఆ ఊరి నినాదమైంది. ఇవాళ్టికీ అక్కడ ఆరువందల మంది దాకా ఉన్నారు.

దూరానికి కారణం ఆ మనుషులే అన్నట్టు మాట్లాడాను. నిజానికి కారణం రోడ్డు లేకపోవడం. ఇనువిక్‌కు ఉత్తరాన ఉన్న టుక్టోయాక్టుక్‌కూ ఒకప్పుడు చలికాలంలో ఐస్ రోడ్డే గతి, సుమారు 187 కిలోమీటర్లు. 2017 నవంబరులో 138 కిలోమీటర్ల కంకర రోడ్డు తెరిచారు. ఇప్పుడు అక్కడికి ఏ కాలంలోనైనా కారులో పోవచ్చు. దానికోసం ఆ ఊరివాళ్లు ఊరు వదలాల్సి రాలేదు.

అక్లావిక్‌కు అలాంటి రోడ్డు ఇంకా లేదు. ఆ రోజు నేను ప్రశ్న అడగాల్సింది ఆవిడను కాదు, రోడ్డు వేయాల్సినవాళ్లను.