కమాను కింద కుర్చీలు వేస్తే సరిపోయేది

మా రోజుల్లో మీటింగంటే మౌలాలి రైల్వే షెడ్డు గేటు ముందే. డ్యూటీ దిగినవాళ్ళు టిఫిన్ డబ్బా చేతపట్టుకునే నిలబడేవాళ్ళు. నాయకుడు స్టూలెక్కి గొంతెత్తితే చాలు, మైకు అక్కర్లేదు. 1974 మే రైల్వే సమ్మె కబుర్లన్నీ అక్కడే విన్నాం. ఎవరైనా రిటైరైతే రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో దండ, టీ, మిక్చరు. గార్డు నుంచి గ్యాంగ్‌మన్ దాకా అందరూ వచ్చేవారు.

ఇప్పుడు తార్నాక నుంచి మౌలాలి దాకా ఎటు చూసినా ఏసీ ఫంక్షన్ హాళ్ళే. ఒక పూట అద్దెకు మా పెన్షను చాలదు. ముసలాళ్ళం నలుగురం కూర్చోవాలంటే గుడి మండపాలు వెతుక్కుంటున్నాం.

అందుకే సికింద్రాబాద్ స్టేషన్ కమాను కూల్చినప్పుడు నా కడుపు రగిలిపోయింది. 1874లో వాడి జంక్షన్ నుంచి లైను వచ్చినప్పుడు మొదలైన స్టేషనది. దాని గుర్తు 2025 ఫిబ్రవరిలో జేసీబీల పాలైంది. కొత్త స్టేషనుకు సుమారు 700 కోట్లు పెడుతున్నారు. రద్దీ పెరిగింది, ఒప్పుకుంటాను. చర్లపల్లి టెర్మినల్ కట్టారు, మంచి పని. ప్రయాణికులకు ఎంత పెద్దదైనా కట్టండి. ఆ పాత ముఖద్వారాన్ని మాత్రం ఉంచి, కుర్చీలు వేసి, ఫ్యాన్లు పెట్టి ఊరికి సభామందిరంగా ఇవ్వాల్సింది.

ఇది అయ్యే పని కాదంటారు. మాంచెస్టర్‌లో ఎలా అయింది? అక్కడి సెంట్రల్ స్టేషన్ 1880లో తెరిచి 1969లో మూశారు. కొన్నాళ్ళు కార్లు నిలుపుకునే చోటుగా పడి ఉంది. 1986లో అదే కప్పు కింద ఎగ్జిబిషన్ హాలు తెరిచారు. ఆ తర్వాత బ్రిటన్ పెద్ద పార్టీలు అక్కడ మహాసభలు పెట్టుకున్నాయి. ఆ కప్పు 64 మీటర్ల వెడల్పు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. పాత రైలు షెడ్డు గొప్పతనమే అది: ఎత్తు, గాలి, వెలుతురు, వెనక వరసవాడికీ వేదిక కనబడుతుంది. ఫిలడెల్ఫియాలో 1893 నాటి రీడింగ్ టెర్మినల్ షెడ్డు కూడా ఇప్పుడు కన్వెన్షన్ సెంటర్‌లో భాగమే.

మనకింకా కొన్ని పాత రైల్వే కట్టడాలు మిగిలాయి. లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది. గుమ్మటాలతో, మినార్లతో కాచిగూడ స్టేషన్ 1916 నుంచి నిలబడి ఉంది. రేపు ఏ పాత షెడ్డుకో, హాలుకో పని లేదని తేలితే, తుక్కు కింద టెండరు పిలిచేముందు అందులో పనిచేసినవాళ్ళను పిలవండి. మౌలాలి నుంచి మేం వస్తాం. ఏ గోడ గట్టిదో, ఏ కప్పు కారుతుందో దగ్గరుండి చూపిస్తాం.