గూడబాతుకు గూడుంది

కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులకు ప్రభుత్వం ఇళ్లు కట్టించింది. ఇది వెటకారం కాదు, అచ్చంగా జరిగిన పని. గూళ్లు పెట్టుకోవడానికి చెట్లు చాలక పక్షులు అవస్థ పడుతున్నాయని అటవీ శాఖ వాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతించారు. పక్షులొచ్చి వాలాయి, పుల్లలు పేర్చుకున్నాయి, గుడ్లు పెట్టాయి. వాటిని ఎవరూ ఆధార్ అడగలేదు. రేషన్ కార్డు జిరాక్సు తెమ్మనలేదు. "గతంలో ఏ పథకం కిందనైనా గూడు పొందియున్నారా?" అన్న గడిలో టిక్కు పెట్టించలేదు. పడవెక్కి చూసొచ్చిన ఏలూరు జనం "ఎంత ముచ్చటగా చూసుకుంటున్నారో" అని మెచ్చుకుంటూ బస్సెక్కుతారు. పాత బస్టాండులో దిగి, అరుగు మీద గోనెసంచి పరుచుకుని పడుకున్న మనిషి కాళ్లు తొక్కకుండా జాగ్రత్తగా దాటుకుని ఇంటికెళ్తారు.

ఆ మనిషి సర్కారు లెక్కల్లో లేడనుకుంటే పొరపాటు. 2011 జనగణనలో ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టడానికి ఫిబ్రవరి 28 రాత్రిని కేటాయించారు. ఎక్కడెక్కడ వెతకాలో కూడా రాసిచ్చారు: రోడ్డు పక్కన, పేవ్‌మెంట్ల మీద, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, గుడి మండపాల్లో, హ్యూమ్ పైపుల్లో. హ్యూమ్ పైపు దాకా గుర్తొచ్చిందంటే రాసినాయన లోకం చూసినవాడే. దేశం మొత్తం మీద 17 లక్షల 73 వేల మంది తేలారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు లక్షా 45 వేల మంది. అదంతా ఒక్క రాత్రి లెక్క. ఆ రాత్రి కానిస్టేబుల్ విజిల్ విని చోటు మార్చినవాడు ఏ గడిలో పడ్డాడో, అసలు పడ్డాడో లేదో పైవాడికే తెలియాలి.

లెక్క తేలాక ఏం చెయ్యాలో కూడా కాగితం మీద ఉంది. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడుగునా ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే వసతి గృహాలు పెట్టమని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ అదే లెక్కను మిగతా పట్టణాలకూ పట్టుకొచ్చింది. లక్ష మందికి కనీసం వంద మంది పట్టే గృహం ఉండాలంది, అందులో మనిషికి 50 చదరపు అడుగులు రావాలంది. 2011లోనే ఏలూరు జనాభా రెండు లక్షలు దాటింది, తాడేపల్లిగూడెం లక్ష దాటింది. అంటే ఏలూరుకు రెండు, గూడేనికి ఒకటి. ఇప్పుడు ఆటో స్టాండుకెళ్లి "నిరాశ్రయుల వసతి గృహం ఎక్కడండీ?" అని అడిగి చూడండి. ఒకాయన హాస్టలు చూపిస్తాడు, ఇంకొకాయన కల్యాణ మండపం చూపిస్తాడు. మూడో ఆయన మీ మొహంలోకి జాలిగా చూసి "ఏం కష్టం వచ్చిందండీ?" అంటాడు.

సరే, గూడెం స్టేషన్లో రాత్రుళ్లు తల దాచుకునే ఓ పెద్దాయన్ని ఊహించుకోండి. డెబ్భై ఏళ్లుంటాయి. ఉల్లిపాయల మార్కెట్లో మూటలు మోసి మోసి ఒక భుజం కిందికి వంగింది. పింఛను నాలుగు వేలు ఇస్తున్నారని ఎవరో చెబితే వార్డు సచివాలయానికి వెళ్లాడు.

"ఏ వార్డండీ మీది?"

"ప్లాట్‌ఫారం బాబూ."

"అది కాదండీ, ఇల్లెక్కడ?"

"అదుంటే ప్లాట్‌ఫారమెందుకు బాబూ?"

"మీరు హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో లేరండీ. ముందు ఏదో ఒక ఇంట్లో ఎక్కాలి."

"ఆయ్, ఎక్కుతాను. ఎవరింట్లో?"

ఆ కుర్రాడు చెడ్డవాడేం కాదు. గడి ఖాళీగా వదిలితే కంప్యూటర్ ముందుకు కదలదు, అంతే. పైగా ఈ పింఛను గొప్పదనమంతా గుమ్మంలోనే ఉంది. ఒకటో తారీఖు పొద్దున్నే ఇంటి దగ్గరికే తెచ్చి చేతిలో పెడతారు. 2024 జులై ఒకటిన పాత బకాయిలు కలిపి ఏడు వేలు అలాగే పెట్టారు. గుమ్మం ఉన్నవాళ్లకు ఇంతకన్నా మర్యాద ఏం కావాలి? గుమ్మం లేనివాడు ముందు ఓ గుమ్మం సంపాదించుకోవాలి.

ఈ విషయంలో ఎన్నికల సంఘాన్ని మాత్రం మెచ్చుకుని తీరాలి. ఇల్లు లేని మనిషి ఫారం-6లో తాను పడుకునే చోటు రాస్తే చాలు. బూత్ స్థాయి అధికారి రాత్రిపూట అక్కడికెళ్లి చూడాలి, అదీ ఒక్క రాత్రితో సరిపెట్టకూడదు. మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడని తేలితే చిరునామా రుజువు అక్కర్లేదు. ఓటు కోసం ఉద్యోగి నిద్ర చెడగొట్టే నిబంధన రాయగలిగిన దేశంలో, పింఛను కోసం కూడా ఒకరు అలా రాత్రి వెళ్లి చూడొచ్చన్న ఆలోచన ఎవరికీ తట్టినట్టు లేదు.

అన్నం సంగతి కొంత నయం. 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో పూటకు ఐదు రూపాయలు, కార్డు గొడవ లేదు. ఆదివారం మాత్రం సెలవు. ఆకలికి కూడా వారానికో రోజు సెలవు మంజూరు చేస్తూ జీవో ఇస్తే సరిపోయేది. ఆదివారం ద్వారకా తిరుమలలో నిత్యాన్నదానం ఉంటుంది. వరసలో కూర్చుంటే విస్తరి పడుతుంది, గోత్రం కూడా అడగరు. కాకపోతే ఏలూరు నుంచి నలభై కిలోమీటర్ల పైమాటే.

ఇళ్ల సంగతికొస్తే రాష్ట్రంలో సెంట్ల పాట నడుస్తోంది. 2020 డిసెంబరు 25న మొదలైన పంపిణీలో 30 లక్షల పైచిలుకు పట్టాలు, పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర. తర్వాత వచ్చినవాళ్లు రెండు, మూడు అన్నారు. ఏలూరు పోణంగిలో టిడ్కో అంతస్తులు లేచాయి. మంచిదే, పుచ్చుకున్నవాళ్లంతా పేదలే. అయితే ఇల్లు లేదని ఒప్పించడానికి తెల్లకార్డు కావాలి, తెల్లకార్డుకు చిరునామా కావాలి. మన పెద్దాయన పేరు ఏ పాటలోనూ పైకి రాదు.

కొల్లేటి వైపు వెళ్తే తమాషా ఇంకా ముదురుతుంది. సరస్సుకు పక్కా చిరునామా ఉంది. ఐదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ గుర్తింపు. ఆ హద్దులో కట్టిన చేపల చెరువుల గట్లను 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో పేల్చేశారు. కొన్నాళ్లకు గట్లు మళ్లీ లేచాయి. ఆ గట్ల మీద కాపలా కుటుంబాలు కనిపిస్తాయి. రేకుల షెడ్డు, అందులో పైకప్పు అంటుకునేలా మేత బస్తాలు, మిగిలిన సందులో ఓ స్టవ్వు, ఓ చాప, నిద్రపోతున్న పిల్లాడు. షెడ్డు కట్టింది మేత తడవకుండా. చేపకు రాత్రి ఊపిరాడకపోతే లేచి ఏరియేటర్ వెయ్యాలి, అదీ ఉద్యోగం. వరి కోతలయ్యాక చేల వెంట తిరిగే బాతుల వాళ్లది ఇంకో దారి. రాత్రికి బాతులకు చుట్టూ వల కడతారు, మనుషులకు పైన పరదా కడతారు. వారం తిరిగేసరికి ఇద్దరి మకామూ మారుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు బెజవాడను ముంచింది, ఆ నీళ్లన్నీ కొల్లేట్లోకి దిగాయి, లంక ఊళ్ల దారులు మునిగాయి. బెజవాడలో నేల అంతస్తు మునిగినవాళ్లకు 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు ప్రకటించారు. ఏ అంతస్తులోనూ లేనివాడు ఆ పట్టికలో ఎక్కడికొస్తాడో అడిగిన నాథుడు లేడు.

సర్కారును ఆడిపోసుకుంటే సరిపోదు, దాతల సంగతీ చూడాలి. ధనుర్మాసపు చలిలో దుప్పటి పంపిణీ ఓ పండగ. ఫ్లెక్సీ కడతారు, ఫొటోగ్రాఫర్‌ను పిలుస్తారు, నిద్రపోతున్న మనిషిని లేపి కూర్చోబెడతారు. ఒక్క దుప్పటిని ఆరుగురు పట్టుకుంటారు. అందులో ముగ్గురు కెమెరా వైపు, ఇద్దరు నాయకుడి వైపు చూస్తారు, ఒకాయన మాత్రం దుప్పటి అంచు ఎక్కడ జారిపోతుందోనని చూస్తుంటాడు. పుచ్చుకునేవాడి మొహం ఫొటోలో సగమే పడుతుంది. కోనసీమలో, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు జీవితమంతా వచ్చినవాళ్లకల్లా వండి పెట్టి, 1909లో కన్నుమూశారు. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకానికి ఆవిడ ఫొటో కావాలని అధికారులు వస్తే ఎంతో బతిమాలితే గానీ ఒప్పుకోలేదని చెబుతారు. ఇవాళైతే ఆవిడ్ని అన్నదాతగా గుర్తించడం కష్టం, సాక్ష్యానికి ఒక్క ఫొటో చాలదు. అన్నట్టు ఈ సేవలో నిజంగా అక్కరకొచ్చేది ఫ్లెక్సీయే. కార్యక్రమం అయ్యాక దాన్ని విప్పుకుపోయి, ఏలూరులో తమ్మిలేటి గట్టున నాలుగు కర్రలకు కడితే వాన ఆగుతుంది. నాయకుడి చిరునవ్వు తలకిందులుగా వేలాడుతుంది గానీ కారదు.

దాతలు కాని పెద్దమనుషుల పద్ధతి వేరు, కనబడకుండా చెయ్యడం. 2017లో ఇవాంకా ట్రంప్ హైదరాబాదు వస్తోందని బిచ్చగాళ్లను ఏరి జైలు ఆవరణల్లోని వసతులకు తరలించారు. ఆపైన ఆచూకీ చెప్పినవాళ్లకు జైళ్ల శాఖ 500 రూపాయల బహుమతి కూడా ప్రకటించింది. అడుక్కునేవాడికి రూపాయి ఇవ్వడానికి వెనకాడే జనానికి అతన్ని చూపిస్తే ఐదొందలు! మన రాష్ట్రంలో 1977 నాటి యాచక నిరోధక చట్టం ఉండనే ఉంది. మతి చలించి రోడ్ల మీద తిరిగేవాళ్ల కోసం 2017 మానసిక ఆరోగ్య చట్టంలో నూరో సెక్షన్ ఉంది. అలాంటి మనిషి కనబడితే రక్షణలోకి తీసుకుని ఇరవై నాలుగు గంటల్లో ప్రభుత్వాసుపత్రికి చేర్చడం అక్కడి పోలీసు స్టేషన్ అధికారి బాధ్యత, ఇంటివాళ్లను వెతికించడం కూడా. ఊళ్లో ఈ సెక్షన్ తెలిసినవాళ్లు తక్కువ. వచ్చే రైలెక్కించి పొలిమేర దాటించే విద్య తెలిసినవాళ్లు ఎక్కువ.

మళ్లీ లెక్కల కాలం వచ్చేసింది. రాబోయే జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఎన్యూమరేటర్ మీ గుమ్మంలోకొచ్చి ఇంట్లో ఎంతమంది, వయసులెంత అని రాసుకుని లేవబోతున్నప్పుడు, ఎదురుగా మూసేసిన కొట్టు అరుగు మీద రోజూ రాత్రి పడుకునే ఆయన సంగతి కూడా చెప్పండి. పేరు తెలియకపోతే, ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టే రాత్రికి ముందే వెళ్లి అడిగి తెలుసుకోండి.