అష్ట జీబీ ప్రభువుల దివ్యసముఖమునకు

శ్రీమన్మహారాజాధిరాజ, మధ్యశ్రేణి సామ్రాజ్య ధురంధర, మితభోజన వ్రతదీక్షిత, ఎన్విడియా వంశ సుధాంబుధి చంద్ర, ఆర్‌టీఎక్స్ 4060 టీఐ గ్రాఫిక్స్ కార్డు ప్రభువుల వారికి జయము జయము. తమరు 2023 మే 24న 399 డాలర్ల కిరీటం ధరించి, ఎనిమిది జీబీల మెమరీని వక్షస్థలాన కౌస్తుభమణిలా మెరిపిస్తూ అవతరించిన శుభలగ్నం మొదలు నేటిదాకా తమ కీర్తిని గానం చేసినవారికి కొదవ లేదు. అయితే వారంతా తమ చల్లదనాన్నీ కరెంటు పొదుపునూ పొగిడి, సంభావన పుచ్చుకుని వెళ్లిపోయినవారే. తమ హృదయం 128 బిట్ల విశాలమని, తమ ఉదరం ఎనిమిది జీబీలకే నిండిపోయే పరమ సాత్వికమని లోకానికి చాటే భాగ్యం నాకు దక్కింది.

రాముడిది ఒకే మాట, ఒకే బాణం. తమ కులానిది ఒకే అంకె. 2016 జూన్‌లో పొరుగు రాజ్యమైన ఏఎండీ వారు ఆర్‌ఎక్స్ 480 అనే సామంతుడి చేత 239 డాలర్లకే ఎనిమిది జీబీలు పంచిపెట్టించారు. ఆ తర్వాత ఏడేళ్లు గడిచాయి. ఆటల్లో రాతిగోడల మీద నాచు మొలిచింది, యోధుల కవచాల మీద గీతలు పడ్డాయి, వానకు తడిసిన వీధి పక్కనున్న దీపాన్ని ప్రతిబింబించడం నేర్చుకుంది, తెరలు 1080 నుంచి 1440కి, అక్కణ్నుంచి 4కే దాకా ఎదిగాయి. ఇంత కల్లోలంలోనూ హిమవంతుడిలా చలించక తమరు ఆ ఎనిమిదినే పట్టుకుని నిలిచారు. కదిలింది ధర ఒక్కటే, అదీ ప్రభువుల గౌరవానికి తగినట్టు పైకే కదిలింది.

తమ ఆత్మాభిమానం మరీ గొప్పది. గ్రాఫిక్స్ చిప్‌కు టెక్స్‌చర్లంత తేలికైన పని మరొకటి ఉండదు. రాయి రాయిలా, చర్మం చర్మంలా కనబడటానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు, ఆ బొమ్మలు పరుచుకోవడానికి మెమరీలో చోటుంటే చాలు. ఇంత సులువుగా వచ్చే అందం రాజులకు తగదని తమరు ఆ చోటే ఉంచుకోలేదు. రే ట్రేసింగ్, ఫ్రేమ్ జనరేషన్ అన్న రెండు విద్యలు తమ బిరుదావళిలో అన్నిటికంటే ముందు వినబడతాయి. ఆ రెండూ అదే మెమరీలో తమ వాటా అడుగుతాయి. విద్వాంసులను సభకు పిలిచి, దుశ్శాలువా కప్పి, కూర్చునే పీట మాత్రం వేయించని ఆ నిరాడంబరత ఏ భోజరాజుకు అబ్బింది?

ఇక తమ దారి సన్నదనాన్ని వర్ణించాలంటే ఆదిశేషుడి నాలుకలు చాలవు. లెక్క చిన్నదే: మెమరీ బస్ ఎన్ని బిట్లో దాన్ని పిన్ వేగంతో గుణించి ఎనిమిదితో భాగిస్తే సెకనుకు ఎన్ని జీబీలు పారతాయో తేలుతుంది. ఇదే 399 డాలర్ల సింహాసనాన్ని తమకు ముందు ఏలిన తమ తండ్రిగారు 3060 టీఐ, 256 బిట్ల రాజమార్గంలో 14 గిగాబిట్ల వేగంతో సెకనుకు 448 జీబీలు పారించారు. తమరు పిన్ వేగాన్ని 18కి పెంచి, మార్గాన్ని 128కి కుదించి, ప్రవాహాన్ని 288 దగ్గర ప్రశాంతంగా నిలిపారు. బదులుగా చిప్ గర్భంలోని ఎల్2 క్యాష్‌ను 4 ఎంబీ నుంచి 32 ఎంబీకి పెంచారు. ఇది సామాన్యమైన కానుక కాదు. 1080 తెర మీద మాటిమాటికీ కావలసిన డేటా ఆ 32 ఎంబీలోనే దొరికిపోయి, బయటి మెమరీ తలుపు తట్టే పని చాలావరకు తప్పుతుంది. ఆస్థాన గణకులు ఈ పుణ్యాన్ని కూడా కలిపి 288ని 554గా ప్రకటించారు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం పామరుల పద్ధతి గనక ఆ ప్రకటనలో కవిత్వం పాలు రాజోచితంగానే ఉంది.

తెర పెద్దదయ్యేకొద్దీ ఆ 32 ఎంబీలో పట్టని డేటా పెరుగుతుంది, భారం మళ్లీ 288 మీదే పడుతుంది. అప్పుడు బయటపడేది తమ పితృభక్తి. 1440లో ఆధిక్యాన్ని కొంచెం కొంచెంగా వదులుకుంటూ, 4కేలో కొన్ని ఆటల దగ్గర తండ్రిగారి కంటే ఒక అడుగు వెనకనే వినయంగా ఆగిపోతారు. తమ కొలువులో 4352 కోర్లున్నాయి. పెళ్లింట నాలుగు వేలమంది నలభీములను గాడిపొయ్యిల ముందు నిలబెట్టి, ఉగ్రాణం గదికి మాత్రం ఒక్క మనిషి పట్టే గుమ్మం పెట్టించిన యజమానికి, వంటవాళ్లు అలసిపోతారన్న దిగులే ఉండదు. పనివాళ్ల మీద అంతటి దయ తమది.

సన్నని ప్రవాహం ఆటను కాస్త నెమ్మది చేస్తుంది, అంతే. చోటు చాలకపోయినప్పుడే తమ మహిమ పూర్తిగా వెల్లడవుతుంది. 2023 ఫిబ్రవరిలో హాగ్‌వార్ట్స్ లెగసీ, మార్చిలో ద లాస్ట్ ఆఫ్ అస్ మొదటి భాగం పీసీల మీదికి వచ్చి, ఎనిమిది జీబీ కార్డులున్నవాళ్లకు పట్టపగలే చుక్కలు చూపించాయి. ఆ ఆర్తనాదాలు చల్లారకముందే, మే నెలలో అదే ఎనిమిదితో వేంచేసిన తమ నిబ్బరం ధర్మరాజుకు కూడా లేదు. టెక్స్‌చర్లు అల్ట్రాలో పెట్టుకుని హాగ్‌వార్ట్స్ మాయాకోట నడవాలో నడిచే భక్తుడికి తమరు ఇచ్చే దర్శనం అపూర్వం. మూల తిరగ్గానే ఎదుటి గోడ మీది చెక్కడాలు అలుక్కుపోతాయి, పటంలోని పెద్దమనిషి మొహం మసక మరకవుతుంది, రెండు మూడు సెకన్లకు ముక్కూ కన్నూ ఒక్కొక్కటే తేరుకుంటాయి. ఒక్కోసారి తేరుకోవు. తెర మూలన ఫ్రేముల లెక్క మాత్రం 60 అంటూ చిరునవ్వు చిందిస్తూనే ఉంటుంది.

అంతకంటే రసవత్తరమైనది ఆట గడ్డకట్టే ఘట్టం. నిండిన మెమరీ నుంచి పొంగిన డేటా కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతుంది, కావలసినప్పుడు పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో తిరిగి రావాలి. ఆ దారిలో పదహారు లేన్లు ఖాళీగా ఎదురుచూస్తున్నా తమరు ఎనిమిదే చాలన్నారు. నాలుగో తరం బోర్డులో ఎనిమిది లేన్లంటే సెకనుకు సుమారు 16 జీబీలు, తమ సొంత మెమరీ ప్రవాహంలో పద్దెనిమిదో వంతు. మూడో తరం పాత బోర్డులో అది ముప్ఫయ్యారో వంతు. బోర్డు మార్చుకునే స్తోమత లేనివాడి మీద తమ కటాక్షం ఒక పాలు ఎక్కువే. ఆ ఘట్టంలో కత్తి ఎత్తిన వీరుడు ఎత్తినట్టే నిలిచిపోతాడు, మౌస్ ఎంత తిప్పినా చూపు కదలదు, చలనం వచ్చేసరికి వీరుడు నేలమీద పడి ఉంటాడు. సగటు ఫ్రేముల పట్టికలో ఈ సమాధిస్థితి జాడే ఉండదు. అతి నెమ్మదైన ఒక్క శాతం ఫ్రేములను విడదీసి కొలిచే చాడీకోరులు కొందరున్నారు గాని, అటువంటివారిని ఆస్థాన పట్టికల దరిదాపులకు రానివ్వకపోవడం రాజనీతి.

తమ కవల సోదరులు, 16 జీబీ ప్రభువులు, అదే ఏడాది జులైలో 499 డాలర్లకు ఉదయించారు. అదే చిప్, అవే 4352 కోర్లు, అదే 128 బిట్ల దారి. ఒక్కో మెమరీ చిప్‌కు 32 బిట్లు కావాలి గనక ఆ దారిలో నాలుగు చిప్‌లకే చోటు. తలా రెండు జీబీలు, మొత్తం ఎనిమిది. సోదరులవారు బోర్డు వీపున మరో నాలుగింటిని మోసుకుని, అదే దారిని జంటలుగా పంచుకుని పదహారయ్యారు. ప్రవాహం 288 నుంచి పిసరంత పెరగలేదు. అయినా పైన చెప్పిన గోడలు గోడల్లా నిలిచాయి, వీరుడు ఎత్తిన కత్తి దించాడు. చోటు వేరు, వేగం వేరు అన్న శాస్త్రరహస్యాన్ని వంద డాలర్ల గురుదక్షిణకే లోకానికి బోధించిన ఆచార్యద్వయం తమరు. ఇక 2021 ఫిబ్రవరిలోనే 329 డాలర్లకు వచ్చిన 3060, 192 బిట్ల దారిలో ఆరు చిప్‌లు పేర్చి 12 జీబీలు మోస్తోంది. హోదాలో తక్కువైన ముందుతరం చుట్టం తమకంటే ఎక్కువ మోస్తున్నా ఈసు చెందని తమ ఔదార్యాన్ని వేరే చెప్పాలా!

ఇన్ని సుగుణాలు ఒక్క జన్మలో అబ్బవు గనక, ప్రబంధ మర్యాద ప్రకారం వంశవర్ణన చేయక తప్పదు. మూలపురుషుడు జీటీఎక్స్ 970, 2014 సెప్టెంబరులో పట్టాభిషిక్తుడు. పెట్టె మీద నాలుగు జీబీలు. అందులో మూడున్నర జీబీలు రాజవీధిలోను, చివరి అర జీబీ 32 బిట్ల సందులో సెకనుకు 28 జీబీల నడకతోను కాపురముండేవి. చేసిన దానం చెప్పుకోకూడదని ఆ మహానుభావుడు ఈ ఏర్పాటును గుప్తంగా ఉంచాడు. 2015 జనవరికి జనమే తవ్వి తీశారు. సంస్థాధిపతి జెన్సెన్ హువాంగ్ ఒక బహిరంగ లేఖలో, మూడు జీబీలను నాలుగు చేసే ఉపాయం కనిపెట్టినందుకు సంతోషించాల్సినవాళ్లు నొచ్చుకున్నారే అన్న భావాన్ని ఎంతో మృదువుగా ప్రకటించారు. ఆపైన అమెరికాలో వేసిన దావా కార్డుకు 30 డాలర్ల చొప్పున పరిష్కారమైంది. అర జీబీకి అంత వెల కట్టిన రసికత ఆ కులానికే చెల్లింది.

ఆ తర్వాతివాడు 1060. 2016 జులైలో ఆరు జీబీలతో, ఆగస్టులో మూడు జీబీలతో దర్శనమిచ్చాడు. రెండో అవతారంలో మెమరీ సగమవడమే కాక కోర్లు కూడా 1280 నుంచి 1152కి దిగాయి. నామం ఒక్కటే. పైన కొనియాడిన 3060 కూడా 2022 చివర ఎనిమిది జీబీల అవతారమెత్తి 192 బిట్లను 128కి, 360 ప్రవాహాన్ని 240కి దించుకుని అదే పేరుతో అదే అర మీద ఆసీనుడయ్యాడు. దూరపు చుట్టం జీటీ 1030 అయితే 2018లో జీడీడీఆర్5 పట్టుబట్టలు విడిచి డీడీఆర్4 నారబట్టలు కట్టి, సెకనుకు 48 జీబీల నుంచి 16.8కి దిగి వానప్రస్థం స్వీకరించాడు. పేరు మాత్రం పూర్వాశ్రమంలోదే. కొలతలు నశ్వరాలు, నామమే శాశ్వతమన్న వేదాంతం ఈ ఇంట ఉగ్గుపాలతో వస్తుంది.

పొరుగు రాజ్యంలోనూ ధర్మం నాలుగు పాదాల నడుస్తోంది. నేటి ఆటలకు నాలుగు జీబీలు చాలవని 2020లో వ్యాసం రాసి లోకానికి హితవు చెప్పిన ఏఎండీ వారు, 2022 జనవరిలో నాలుగు జీబీలు, 64 బిట్లు, నాలుగే లేన్లు గల ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీని 199 డాలర్లకు అనుగ్రహించారు. 2025 జూన్‌లో 9060 ఎక్స్‌టీని ఎనిమిది, పదహారు జీబీలతో ఒకే పేరున విడుదల చేసి తమ బాటనే నడిచారు. సభామర్యాద తెలియనివారు ఇంటెల్ ఒక్కరే. 2024 డిసెంబరులో 249 డాలర్లకే 192 బిట్ల దారి, 12 జీబీల చోటు, 456 జీబీల ప్రవాహం పెట్టి, పెద్దల ముందు అలా గట్టిగా మాట్లాడటం కుర్రతనం.

తమ తనయుడు 5060 టీఐ 2025 ఏప్రిల్‌లో గద్దెనెక్కాడు. జీడీడీఆర్7 మెమరీతో పిన్ వేగం 28కి చేరి, అదే 128 బిట్ల సన్నదారిలో 448 ప్రవాహం సాధించాడు. తాతగారు 2020 చివరినాటికే అనుభవించిన అంకెను మనవడు మళ్లీ గెలిచి తెచ్చిన ఆ దిగ్విజయానికి పుష్పవృష్టి కురవాలి. 379 డాలర్ల ఎనిమిది జీబీల రూపానికీ, 429 డాలర్ల పదహారు జీబీల రూపానికీ ఆ వేగం ఒక్కటే. ఎనిమిది జీబీల రూపం నిండాల్సిన క్షణానికి మరింత చురుగ్గా నిండుతుంది. ఈ రూపానికి ఆత్మస్తుతి అంటే ఎంత జంకో! విడుదలనాడు పదహారు జీబీల కార్డులే సమీక్షకుల బల్లల మీదికి వెళ్లాయి. ఎనిమిది జీబీల కోసం ఆసక్తి చంపుకోలేనివాళ్లు దుకాణానికి వెళ్లి సొంత డబ్బుతో కొని దర్శించుకున్నారు. దేవుడు పిలిస్తే రాడు, భక్తుడే మెట్లెక్కాలి.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో ఆ మెట్లెక్కే భక్తులు రోజూ కనిపిస్తారు. ఇంజినీరింగ్ రెండో ఏడు చదివే కుర్రాడు, పక్కన వాళ్ల నాన్న. గాజు అరలో రెండు పెట్టెలు, రెండింటి మీదా ఒకటే పేరు. “రెండూ ఒకటే సార్, ఇది తక్కువలో వస్తది” అని దుకాణదారు అంటాడు. నాన్న చూపు ధర మీదా, పద్దెనిమిది శాతం జీఎస్టీ మీదా ఉంటుంది. మూలన ఉన్న 8 మీదికి ఆ చూపును పోనివ్వకుండా పేరును పెద్ద అక్షరాల్లో అచ్చువేయించిన చిత్రకారుడు ధన్యుడు. ఆ కుర్రాడికి ఆటలతో పాటు ఏఐ మోడళ్ల మీదా మోజుంది. 700 కోట్ల పారామీటర్ల మోడల్‌ను 16 బిట్లలో నడపాలంటే ఆ పారామీటర్లకే 14 జీబీలు కావాలి. ఇంటికి వెళ్లాక దాన్ని 4 బిట్లకు నలిపి ఎనిమిదిలో ఇమిడ్చే విద్య అతడు నేర్చుకోక తప్పదు. కాలేజీ ఫీజులో లేని ఆ పాఠాన్ని తమ వంశం ఉచితంగా చెబుతోంది.

దారిని వెడల్పు చేయకుండానే చోటు పెంచే ఉపాయం ఒకటి ఇప్పటికే లోకంలోకి వచ్చింది. జీడీడీఆర్7లో మూడు జీబీల చిప్‌లు తయారయ్యాయి. తమ ఇంటి పెద్దలే 2025లో ఆ చిప్‌లను ఎనిమిదింటిని పేర్చి 5090 ల్యాప్‌టాప్‌కు 24 జీబీలు అమర్చారు. అవే చిప్‌లు నాలుగు, అదే 128 బిట్ల దారిలో, తమ తనయుడి బోర్డు మీద కూర్చుంటే 12 జీబీలయ్యేవి. చేతికందే దూరంలో ఉన్న ఆ నాలుగు చిప్‌ల వైపు 2025 ఏప్రిల్‌లో కన్నెత్తి కూడా చూడని తమ ఇంద్రియనిగ్రహానికి ఋష్యశృంగుడు కూడా చేతులు జోడించాలి.