ఒకటి, పదకొండు, ఇరవై ఒకటి

వనస్థలిపురంలో మా అపార్ట్‌మెంట్‌కు పద్దెనిమిది ఫ్లాట్లు, ఒక బోరు, ఒక సంపు, ఒక అధ్యక్షుడు. ఎండాకాలం వస్తే బోరూ సంపూ మొరాయిస్తాయి గానీ, అధ్యక్షుల వారి వాక్ప్రవాహానికి పన్నెండు నెలలూ లోటుండదు.

ఆయన నల్లగొండ వైపు ఒక మండలంలో ఎంపీడీవోగా చేసి రిటైరయ్యారు. సెల్లార్లో ఎప్పుడు మీటింగ్ పెట్టినా రెండో వాక్యం "మా పంచాయతీల్లో అయితేనా..." అని మొదలవుతుంది. ఎల్బీనగర్ మున్సిపాలిటీని 2007లో జీహెచ్‌ఎంసీలో కలిపేశాక మాకు వార్డు, సర్కిల్, జోన్ లాంటి మాటలే మిగిలాయి కాబట్టి, ఊరి పాలన గురించి ఆయన చెబుతుంటే వేరే దేశం కబుర్లలా ఉండేవి. నిజానికి వినదగ్గ సంగతులే. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టి తీరాలి. బడ్జెట్లో పదో వంతు పచ్చదనానికి తీసి పెట్టాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే సర్పంచ్ పదవికే ఎసరు. సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకాలూ ఉంటే గానీ చెక్కు చెల్లదు. ఇక 2019 సెప్టెంబరు 6న పల్లెప్రగతి మొదలయ్యాక చూడాలి ఆయన హడావిడి! ట్రాక్టరు, నర్సరీ, డంపింగ్ యార్డు, పల్లె ప్రకృతి వనం, వైకుంఠధామం, అన్నీ దగ్గరుండి చేయించారట.

"రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో 29 అంశాలు పంచాయతీలకు రాసిచ్చింది. మనం పద్దెనిమిది మందిమి ఒక్క నీళ్ల సంగతి చూసుకోలేమా?" అనేవారు. చూసుకోలేమని ఏటా ఏప్రిల్‌లో తేలిపోయేది.

2019 జనవరిలో గెలిచిన సర్పంచుల గడువు 2024 జనవరి ఆఖరుకు తీరి, ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. "నేను సర్వీసులో ఉండి ఉంటే నన్నే వేసేవాళ్లు" అని ఆయన నొచ్చుకున్నారు కూడా.

ఆ మార్చిలోనే మాకు కొత్త వాచ్‌మన్ వచ్చాడు. మనిషి మంచివాడు, మాట తక్కువ. రాత్రిళ్లు గేటు దగ్గర, పగలు ఆటోనగర్‌లో ఏదో పని. అపార్ట్‌మెంట్ నడిపింది వాళ్లావిడే. నలభై దాటి ఉంటాయి. మెట్లు ఊడ్చేది, నాలుగిళ్లలో అంట్లు తోమేది. అధ్యక్షుల వారి ఇల్లు అందులో ఒకటి.

వచ్చిన మర్నాడే మేడెక్కి ట్యాంకు మూత తీసి చూసింది. "దీన్ని ఎన్నడు కడిగిండ్రమ్మా?" అని మా ఆవిడను అడిగింది. పెయింట్లు వేయించిన ఏడాదా, అంతకు ముందా అన్న దగ్గర మా ఇంట్లో చర్చ ఆగిపోయింది. పదకొండో తేదీన మొగుణ్ని లోపలికి దింపి కడిగించింది. అడుగున బెత్తెడు మందాన ఒండ్రు, అందులో షాంపూ ప్యాకెట్లు, రంగు వెలిసిన క్రికెట్ బంతి ఒకటి. దాని కోసం మా వాడు రెండేళ్ల కిందట పక్క ఫ్లాటు పిల్లాడితో గొడవపడ్డాడు. అంతా అయ్యాక బ్లీచింగ్ పౌడర్ కలిపి, గోడలకు వేయగా మిగిలిన ఎర్ర రంగుతో ట్యాంకు మీద తేదీ రాసింది. పదిరోజులకు ఇరవై ఒకటి వచ్చింది. ఆ తర్వాత ఒకటి. మళ్లీ పదకొండు. ఏ ఇంట్లో పెళ్లున్నా, ఎవరింటికి చుట్టాలొచ్చినా ఆ మూడు తేదీలు తప్పేవి కావు. మా అధ్యక్షులు అది చూసి, "మా పంచాయతీల్లో కూడా సరిగ్గా ఇవే తేదీలు" అని మురిసిపోయారు. అంతకు మించి ఆలోచించలేదు.

మాకు మరో శాపం ఉంది. నాగార్జునసాగర్ నుంచి వచ్చే కృష్ణా నీళ్లు నల్లగొండ జిల్లా మీదుగా పైపుల్లో ప్రయాణం చేసి, మా పక్కనున్న సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కు చేరి, అక్కణ్నుంచి నగరంలోకి వెళతాయి. ఆ నీళ్ల దారినే నల్లగొండ జనమూ వచ్చారనుకోండి. అయినా దీపం కింద చీకటే, నల్లా మాకు రోజు విడిచి రోజే. ఆవిడ ఒక నోటుబుక్కు పెట్టి నల్లా ఎప్పుడొచ్చింది, ఎప్పుడాగింది, బోరు ఎంతసేపు నడిచింది రోజూ రాసేది. మార్చి ఆఖరున ఆ బుక్కు పట్టుకుని అధ్యక్షుల వారింటికి వెళ్లింది.

"బోరు రోజురోజుకు తక్కువ పోస్తున్నది సారు. ఉగాది దాటితే గాలి గొడ్తది. ఇప్పుడే ఇంటికింత జమ చేసి ట్యాంకర్లకు చెప్పి పెట్టుండ్రి. బోరు పక్కన ఇంకుడు గుంత తవ్విస్తే వానలకు పనికొస్తది."

"చూద్దాంలే అమ్మా" అన్నారాయన. ఆ చూద్దాం ప్రభుత్వోద్యోగంలో ముప్పై ఏళ్లు పండిన చూద్దాం. మా వెనకున్న హరిణ వనస్థలిలో కృష్ణజింకలకైనా ఎండలు ముదరకముందే తొట్లలో నీళ్లు నింపి పెడతారు. మాకు ఆ యోగం లేకపోయింది.

ఉగాది వెళ్లింది. బోరు గాలి కొట్టింది. గాలి కొడుతున్నా ఎవరో స్విచ్ ఆపడం మరిచిపోయారు, మోటారు కాలిపోయింది. నీళ్లయిపోయిన ఆదివారం పొద్దున సెల్లార్లో అత్యవసర సమావేశం. మోటారు పైకి తీయాలి, వైండింగ్ చేయించాలి, పైపులు ఇంకొంచెం కిందికి దించాలి. మెయింటెనెన్స్ ఖాతాలో ఉన్నది వినాయక చవితి చందాల మిగులు. అమెరికాలో ఉన్న ఓనర్లు ఇవ్వట్లేదని అద్దెవాళ్లు, అద్దెవాళ్లు వాడుతున్నారు కదా అని ఓనర్లు. గంట గడిచినా ఎవరి జేబులోకీ చెయ్యి వెళ్లలేదు.

చివరికి అధ్యక్షుల వారికి పాత అనుభవం గుర్తొచ్చింది. మెట్ల దగ్గర నిలబడ్డ ఆవిడను పిలిచారు.

"నీకు మెకానిక్కులు తెలుసు కదమ్మా. ఎవరి దగ్గరన్నా సర్ది ముందు పని కానిచ్చెయ్. బిల్లు పెట్టు. వచ్చే మీటింగులో పాస్ చేయించి పైసలతో సహా ఇప్పించే పూచీ నాది."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. "గీ మాట మీరు ముందు గూడ అన్నరు సారు."

"నేనా? ఎప్పుడు?"

"మన మండలాఫీసుల. వైకుంఠధామం కట్టాలన్నప్పుడు. సర్పంచులందర్ని కూసోబెట్టి, ముందు పని కానియ్యుండ్రి, బిల్లు సంగతి నాకిడిసిపెట్టుండ్రి అన్నరు."

ఆయన కళ్లజోడు సవరించుకుని గేటు దగ్గరున్న వాచ్‌మన్ వైపు చూశారు. మేమూ అటే చూశాం. "అంటే... మీ ఆయన సర్పంచ్‌గా చేశాడా? నేనెప్పుడూ చూసినట్టు లేదే!"

"గాయన వ్యవసాయం చేసెటోడు సారు. సర్పంచును నేను."

సెల్లార్లో ఎవరూ మాట్లాడలేదు.

"మీరు యాది పట్టకపోవుడు మీ తప్పు గాదు. మీటింగుల మీరు మా ఉపసర్పంచ్ దిక్కు చూసుకుంట చెప్పెటోళ్లు, నేను వెనక కుర్చీల ఉండేదాన్ని. చెక్కు మీద సంతకం కావాల్నంటేనే నన్ను ముందటికి పిలిచెటోళ్లు." ఆవిడ గొంతు పెంచలేదు. "గా బిల్లు ఇంక రాలే. రెండెకరాలు అమ్మి మిత్తీ కడితిమి. అసలు కోసమే గీడ మీ అంట్లు తోముతున్న."

నోటుబుక్కు తెరిచి, ఖాళీ పేజీ తిప్పి ఆయన ఒళ్లో పెట్టింది.

"ముందు తీర్మానం రాసి సంతకం పెట్టుండ్రి సారు. పైసలు బల్ల మీద పెట్టుండ్రి. మోటరు నేను తీపిస్త."