రెండు రూపాయల నోటు ఆత్మకథ

వెనకవైపు ఆర్యభట ఉపగ్రహం బొమ్మ ఉన్న రెండు రూపాయల నోటు 1976లో చెలామణిలోకి వచ్చింది. ఇక్కడ తన చరిత్ర చెప్పుకుంటున్నది ఆ వరుసలోని ఒక నోటు. ప్రస్తుతం తిరుపతిలో అంతరిక్ష జ్ఞాపికలు కూడబెట్టే ఒకాయన ఆల్బమ్‌లో ఉంది. ఆత్మకథను ‘నేను’ అని మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈ నోటుకు ఆ వీలు లేదు. దాని ముఖం మీద ‘నేను’ అనే మాట అచ్చయ్యే ఉంది, అది వేరొకరిది. ధారకుడికి రెండు రూపాయలు చెల్లిస్తానని హిందీలోనూ ఇంగ్లిషులోనూ మాట ఇచ్చి కింద సంతకం చేసిన రిజర్వు బ్యాంకు గవర్నరుది. కాబట్టి ఈ చరిత్ర ప్రథమ పురుషలోనే నడుస్తుంది.

ఆ సంతకమే నోటుకు పుట్టినతేదీ కూడా. మన నోట్ల మీద అచ్చయిన సంవత్సరం వేయడం 2005లో మొదలైంది. అంతకుముందు నోటు వయసు తెలుసుకోవాలంటే సంతకం ఏ గవర్నరుదో చూడాలి. ఈ నోటు మీద ఉన్నది మన్మోహన్ సింగ్ సంతకం. ఆయన 1982 సెప్టెంబరు నుంచి 1985 జనవరి వరకు గవర్నరుగా ఉన్నారు గనుక నోటు పుట్టుక ఆ మధ్యకాలంలోదే. అంతకుముందు ఆర్థికశాఖ కార్యదర్శిగా ఆయన రూపాయి నోట్ల మీద కూడా సంతకం చేశారు. రూపాయి నోటు మీద గవర్నరు సంతకం ఉండదు, అది కేంద్ర ప్రభుత్వానిది. ఆ రోజుల్లో దేశంలో కరెన్సీ అచ్చువేసేవి నాసిక్, దేవాస్ ముద్రణాలయాలే. కాగితం పత్తితో చేసినది. తడిసినా తొందరగా పీలికలైపోని ఆ గుణమే లేకపోతే ఈ కథ సగంలోనే ఆగిపోయేది.

నోటుకు ముందువైపు అశోకస్తంభపు సింహాలు. వెనకవైపు ఉపగ్రహం, భాషల పట్టీ. ఆ పట్టీలో తమిళానికి కింద, ఉర్దూకు పైన తెలుగులో ‘రెండు రూపాయలు’ అని ఉంటుంది. రూపాయి నోటు మీద సముద్రంలో చమురు తవ్వే రిగ్గు, అయిదు రూపాయల నోటు మీద పొలం దున్నే ట్రాక్టరు వేసిన కాలం అది. దేశం తన కొత్త బలాన్ని చిల్లర నోట్ల మీద చూపించుకుంది. వంద నోటు చేతికి రాని ఇంట్లో కూడా రెండు రూపాయల నోటు ఉండేది. ఉపగ్రహం ఎలా ఉంటుందో చిత్తూరు జిల్లా పల్లెల్లో చాలామంది మొదట చూసింది పత్రికలో కాదు, చిల్లర డబ్బుల్లో.

బొమ్మలో ఉన్న ఆర్యభట భారతదేశపు తొలి ఉపగ్రహం. బరువు 360 కిలోలు, 26 ముఖాలు. పైనా కిందా ఉన్న ముఖాలు తప్ప మిగిలినవన్నీ సౌరఘటాలతో కప్పి ఉండేవి. బెంగళూరు శివారు పీణ్యలోని పారిశ్రామికవాడ షెడ్లలో యు.ఆర్. రావు బృందం దాన్ని తయారుచేసింది. 1975 ఏప్రిల్ 19న సోవియట్ యూనియన్‌లోని కాపుస్తిన్ యార్ నుంచి కాస్మోస్-3ఎం రాకెట్ మీద పైకి వెళ్లింది. ఎక్స్‌రే ఖగోళశాస్త్రం, సూర్యుడు, పై వాతావరణం గురించిన ప్రయోగాలు అందులో ఉండేవి. నాలుగు రోజులు గడిచాక ఆ ప్రయోగాలకు విద్యుత్తు అందడం ఆగిపోయింది. పనితీరు లెక్కన చూస్తే గొప్పగా చెప్పుకోదగ్గది కాదు. అయినా ఉపగ్రహాన్ని సొంతంగా కట్టి, దానితో మాట్లాడి, దాని జబ్బు ఏమిటో నేల మీద నుంచే కనిపెట్టడం ఎలాగో ఆ బృందం నేర్చుకుంది. తరువాతి భాస్కర, యాపిల్ ఉపగ్రహాలకు ఆ అనుభవమే పునాది.

ఉపగ్రహం ఎగిరింది రష్యా నేల నుంచే అయినా దాని సంకేతాలు అందుకున్న కేంద్రాల్లో శ్రీహరికోట ఒకటి. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ఆ దీవి నుంచి తొలి రోహిణి సౌండింగ్ రాకెట్ 1971 అక్టోబరు 9న లేచింది. ఎస్ఎల్‌వీ-3 మొదటిసారి 1979 ఆగస్టులో విఫలమై, 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అప్పట్లో శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేటతో పాటు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఏడుకొండలూ రాకెట్ ప్రయోగవేదికా ఒకే కలెక్టరు పరిధిలో ఉండడం చాలామంది భక్తులకు ఇప్పటికీ కొత్త సంగతే.

నోటు అచ్చయ్యేనాటికే ఆర్యభట మూగబోయింది, కానీ కక్ష్యలో తిరుగుతూనే ఉంది. 1992 ఫిబ్రవరిలో వాతావరణంలోకి దిగి కాలిపోయింది. ఆ తరువాత మూడేళ్లపాటు దాని బొమ్మ మాత్రం కొత్తగా అచ్చవుతూనే ఉంది.

ముద్రణాలయం దాటిన నోటుకు మొదటి గాయం బ్యాంకులోనే తగులుతుంది. వంద నోట్ల కట్టకు ఇనుప పిన్ను దిగేసేవారు. కట్టలకు పిన్నులు కొట్టవద్దని రిజర్వు బ్యాంకు ఆదేశించింది 2001లో. రెండు రూపాయల నోటుకు అది అందని వరం. అందుకని ఈ వరుసలో ఎంత కొత్త నోటైనా అంచున పిన్ను బెజ్జాలు ఉండడం మామూలే. తుప్పు మరక చేరని బెజ్జం దొరికితే సేకర్తలు సంతోషిస్తారు.

ఆ తరువాత బస్సు కండక్టరు వేళ్ల సందున నిలువు మడత, బజారులో కూరగాయలమ్మే ఆమె రొంటిన అడ్డమడత, కాఫీ హోటల్ గల్లాపెట్టెలో నూనె చుక్క. ఈ దశ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చిన్న నోట్లన్నిటి బతుకూ అదే, ఏడాది తిరిగేసరికి మాసిపోయేవి.

ఈ నోటుకు ప్రత్యేకమైన దశ ముడుపుతో మొదలైంది. ఇంట్లో ఆపద వచ్చినప్పుడో, పిల్లకు సంబంధం కుదరనప్పుడో వెంకటేశ్వరస్వామికి మొక్కుకుని, పసుపునీళ్లలో ముంచిన గుడ్డలో డబ్బు మూటకట్టి దేవుడి దగ్గర పెట్టడం రాయలసీమ ఇళ్లలో పాత అలవాటు. కోరిక తీరాక మూటను కొండకు తీసుకెళ్తారు. అప్పటిదాకా ఎవరూ విప్పరు, ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా అందులో చెయ్యి పెట్టరు. అలాంటి ఒక మూటలో నాలుగు మడతలుగా ఈ నోటు చాలాకాలం ఉండిపోయింది. చెలామణిలో అరిగిపోవాల్సిన ఏళ్లు దానికి అలా మిగిలాయి. మిగిలిన గుర్తు ఆర్యభట బొమ్మ మీదుగా పాకిన పసుపు మరక.

తిరుమల ఆలయంలో హుండీ అంటే పెద్ద గుడ్డ సంచి కప్పిన కొప్పెర. దర్శనం అయ్యాక భక్తులు కానుకలు వేసేది అందులోనే. నిండిన కొప్పెరలకు సీలు వేసి పరకామణికి చేరుస్తారు. అక్కడ లెక్కించేవారికి జేబుల్లేని బట్టలే. నాణేలు, నోట్లు, బంగారం, వెండి, విదేశీ డబ్బు వేటికవి విడదీస్తారు. ముడుపులను విప్పి, మడతలు సరిచేసి, విలువల వారీగా కట్టలు కడతారు. కొన్ని లక్షల కాగితాల మధ్య ఒక రెండు రూపాయల నోటును ఎవరూ ప్రత్యేకంగా చూడరు. ఈ నోటును కూడా చూడలేదు.

ఉపగ్రహం బొమ్మ హుండీలో పడడం వింతేమీ కాదనిపించే ఆచారం ఒకటి ఇస్రోలో ఉంది. ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తల బృందం రాకెట్, ఉపగ్రహాల చిన్న నమూనాలు తీసుకుని తిరుమలకు వచ్చి పూజ చేయిస్తుంది. సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడిలోనూ మొక్కుకుంటారు. దీని మీద హేతువాదులు ప్రతిసారీ విమర్శ చేస్తారు, పత్రికలు ప్రతిసారీ ఫోటో వేస్తాయి. జ్ఞాపికల దృష్టితో చూస్తే ఆ ఫోటోలున్న పత్రికా ప్రతులు కూడా దాచదగ్గవే. స్థానిక సేకరణలో తప్పక ఉండాల్సినవని ఈ నోటు అభిప్రాయం.

రెండు రూపాయల నోటు అచ్చు 1995లో ఆగింది. తొందరగా మాసే చిన్న నోటు అచ్చువేయడం కన్నా చాలా ఏళ్లు మన్నే నాణెం కొట్టడం లాభమన్నది కారణం. బ్యాంకుకు చేరిన పాత నోట్లు తిరిగి బయటికి రావడం తగ్గిపోయింది. మాసినవాటిని అప్పట్లో కాల్చేసేవారు. యంత్రాలు వచ్చాక ముక్కలుచేసి ఇటుకల్లా అదిమేస్తున్నారు. ఈ నోటు ఆ దారి పట్టకుండా చిల్లరగా మళ్లీ బజారుకు వచ్చి, ఒక దుకాణదారుడి పాత డబ్బాలో మిగిలిపోయి, అక్కడి నుంచి ఆల్బమ్‌కు చేరింది.

ఆల్బమ్‌లో దాని పొరుగున తపాలా బిళ్లలున్నాయి. ఆర్యభట ప్రయోగమైన మర్నాడే, 1975 ఏప్రిల్ 20న, తపాలాశాఖ 25 పైసల బిళ్ల విడుదల చేసింది. ఎస్ఎల్‌వీ-3 విజయానికి సరిగ్గా ఏడాదికి, 1981 జూలై 18న, రూపాయి బిళ్ల వచ్చింది. వ్యోమగామి రాకేశ్ శర్మ సోయుజ్‌లో వెళ్లిన 1984 ఏప్రిల్ 3న మూడు రూపాయల బిళ్ల. 1985 నవంబరులో ఢిల్లీలో అంతర్జాతీయ ఖగోళ సంఘం మహాసభ జరిగినప్పుడు హేలీ తోకచుక్క బొమ్మతో మరొకటి. భారత అంతరిక్ష జ్ఞాపికలు పోగుచేయడం మొదలుపెట్టేవారికి ఈ నాలుగు చక్కని ఆరంభం. అపోలో వ్యోమగాముల సంతకాల్లా ఇవి వేలంపాటల సరుకు కావు, విద్యార్థి జేబుకు కూడా అందుతాయి.

ఇస్రో జ్ఞాపికల్లో అసలు యంత్రభాగాలు బయట దొరకవు. ఎగిరిన రాకెట్ దశలు చాలావరకు సముద్రంలో పడతాయి, ఉపగ్రహాలు మామూలుగా తిరిగిరావు. కనుక ఇక్కడి సేకరణ అంతా కాగితమే: బిళ్లలు, తొలిరోజు కవర్లు, ప్రయోగ కరపత్రాలు, శ్రీహరికోటలో 2019లో తెరిచిన సందర్శకుల గ్యాలరీ ప్రవేశపత్రాలు. రాకెట్ నిప్పులు కక్కుతూ లేచే క్షణాన్ని చూసినవాడి దగ్గర చివరికి మిగిలేది మడతపడ్డ ఒక పాసు. దాన్ని పారేయకుండా దాచుకోవాలన్న బుద్ధి పుట్టడమే సేకరణకు మొదలు.

ఆల్బమ్‌లో మరో పేజీలో రెండు వేల రూపాయల నోటు ఉంది. 2016 నవంబరులో వచ్చిన ఆ నోటు వెనక మంగళయాన్ బొమ్మ ఉంటుంది. మంగళయాన్ 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచే పీఎస్ఎల్‌వీ-సీ25 మీద బయలుదేరింది. ఆ యాత్ర జరగబోతోందని 2012 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రకటించిన ప్రధాని మన్మోహన్ సింగ్. అంటే రెండు రూపాయల నోటు మీద ఆర్యభటకు మరోవైపు సంతకం చేసిన మనిషే. రెండు వేల నోటును 2023 మే 19న రిజర్వు బ్యాంకు ఉపసంహరించుకుంది. వచ్చి ఏడేళ్లు నిండకుండానే అది ఆల్బమ్ వస్తువైంది. రెండు రూపాయల నోటు అచ్చు దాదాపు రెండు దశాబ్దాలు సాగిందన్న చిన్న గర్వం ఈ చరిత్రలో కనిపిస్తే పాఠకులు మన్నించాలి.

ఇక వెల. నోట్ల బజారులో లెక్కలు నోటుకు జరిగినదాన్ని బట్టి కాదు, జరగనిదాన్ని బట్టి ఉంటాయి. చెయ్యి మారని, మడతలేని కొత్త నోటుది మొదటి మెట్టు. తరువాత సంఖ్య చూస్తారు. 786తో ముగిసేవి, ఒకే అంకె వరుసగా వచ్చేవి ఫ్యాన్సీ నంబర్లు. సంఖ్య పక్కన ఉండే ఇన్‌సెట్ అక్షరం, సంతకం కలిపి చూసి ఆ రకం ఎంత అరుదో తేలుస్తారు. ఆ కొలతల్లో ఈ నోటు చివరి మెట్టు మీద ఉంటుంది. సంఖ్య మామూలుది, మడతలు నాలుగు, పసుపు మరక ఒకటి. పాత రెండు రూపాయల నోటుకు లక్షలు ఇస్తామనే ఆన్‌లైన్ ప్రకటనలు తరచూ వస్తాయి. ముందుగా రుసుము కట్టమనడమే వాటి అసలు ఉద్దేశం. ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. చట్టం ప్రకారం ఈ నోటు ఇప్పటికీ చెల్లుతుంది, రెండు రూపాయలకు.

తిరుపతి ఎండల్లో కాగితాన్ని నిలబెట్టడం తేలిక కాదు. వేసవిలో పొడి వేడి, ఈశాన్య రుతుపవనాల రోజుల్లో తేమ. నోట్లను పీవీసీ లేని ప్లాస్టిక్ తొడుగుల్లో, వెలుగు తగలని బీరువాలో, సిలికా జెల్ పొట్లం పక్కన ఉంచడం మంచిది. లామినేషన్ చేయిస్తే నోటు పోయినట్టే, మళ్లీ విడదీయలేరు. మరకలు పోగొట్టాలని కడిగితే అచ్చురంగు దెబ్బతింటుంది, సేకర్తలు ఒక్క చూపులో పసిగడతారు. పసుపు రంగు వెలుగులో దానంతటదే పాలిపోతుంది, అది పోకూడదనుకుంటే చీకటే రక్ష.

ప్రతి నోటుకూ ఒక విడి చీటీ ఉండాలి. నోటు మీద మాత్రం ఏమీ రాయకూడదు. విలువ, సంతకం, ఇన్‌సెట్, సంఖ్య, ఎక్కడ దొరికింది, ఏ స్థితిలో ఉందన్నవి చీటీలో సరిపోతాయి. ఈ నోటు చీటీలో అవన్నీ ఉన్నాయి. హుండీ సంగతి మాత్రం లేదు, దానికి నోటు మాట తప్ప వేరే సాక్ష్యం లేదు కనుక. మరక కిరాణా కొట్టులో అంటినదైనా కావచ్చునని సేకర్త అనుకున్నాడు, చీటీలో ‘పసుపు మరక’ అని మాత్రమే రాశాడు. సేకర్తగా అతను చేసింది సరైన పనే.