సీలు కింద అరిగిన ఉక్కును

ఉప్పాడ ఒడ్డున ఒక ఫైబర్ తెప్ప వెనక బిగించిన చిన్న ఇంజనులో ప్రొపెల్లర్ షాఫ్టును నేను. ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమెరికాలోని మిల్వాకీలో ఇలాంటి ఇంజన్లు అమ్మడం మొదలుపెట్టిన నాటి నుంచీ మా అమరిక పెద్దగా మారలేదు. పైన ఇంజను, దాని నుంచి నిలువుగా దిగే డ్రైవ్ షాఫ్టు, అడుగున గేరు బాక్సు, అందులోంచి అడ్డంగా బయటికి వచ్చే నేను, నా చివర ఫ్యాను. నా ఒంట్లో ఒక కొస గేరు నూనెలో, రెండో కొస ఉప్పునీటిలో ఉంటాయి. రెండింటికీ మధ్య రబ్బరు సీలే కాపలా.

స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదని చాలామంది ధీమా. నన్ను కాపాడేది పైనున్న పలచని క్రోమియం ఆక్సైడ్ పొర. గీత పడినా ఆక్సిజన్ అందితే ఆ పొర మళ్ళీ కట్టుకుంటుంది. సీలు అంచు కింద నిలిచిపోయిన ఉప్పునీటిలో ఆక్సిజన్ ఉండదు. అక్కడ పొర చెదిరితే చెదిరినట్టే. నీటిలోని క్లోరైడ్ ఉక్కును గుంటలు గుంటలుగా తొలిచేస్తుంది. రబ్బరులో ఇరుక్కున్న ఇసుక రేణువులు నేను తిరిగినంతసేపూ రాపిడి పెడతాయి. తెగిన వల దారం ఫ్యాను వెనక చుట్టుకుంటే సీలునే కోసేస్తుంది.

నాకు ఈ కష్టాలన్నీ వచ్చాయి. వేట నిషేధం రోజుల్లో మేస్త్రీ గేరు బాక్సు అడుగున స్క్రూ విప్పగానే పాలు కలిపిన టీ రంగులో నూనె కారింది. లోపలికి నీళ్ళు చేరాయన్నమాట. నన్ను బయటికి తీసి తుడిచి, సీలు కూర్చునే చోట గోరుతో అడ్డంగా గీశాడు. గోరు ఆగింది.

"కొత్తది వేసేద్దామా మేస్త్రీ?" అన్నాడు తెప్ప యజమాని.

"ఉండు బావా, ముందు వంపుందేమో చూడనీ."

వి-బ్లాకుల మీద నన్ను పడుకోబెట్టి, డయల్ గేజి ముల్లు ఆనించి మెల్లగా తిప్పాడు. ముల్లు కదలలేదు. పగుళ్ళూ లేవు. ఇక మరమ్మతు ఎలాగన్నదే మిగిలింది. గోరుకు తగలని గీత అయితే సన్నని ఎమెరీ కాగితంతో పోతుంది. నాది లోతైనది. వెల్డింగుతో లోహం పోసి లేత్ మీద తిప్పొచ్చు గానీ, వేడికి సన్నని షాఫ్టు వంకర పోయే ప్రమాదముంది. అందుకే స్లీవు తొడిగించాడు. అది పావు మిల్లీమీటరు మందం ఉండే స్టెయిన్‌లెస్ గొట్టం. గుంటలను ఎపాక్సీతో పూడ్చి, అది ఆరకముందే స్లీవును తిన్నగా దిగ్గొట్టాడు. దాని మీద కొత్త సీలు నునుపుగా కూర్చుంది. తర్వాత గేరు బాక్సులోకి గాలి ఎక్కించి, ఒత్తిడి నిలిచాకే నూనె పోశాడు.

వంగినా, పగిలినా నన్ను మార్చాల్సిందే. నడిసముద్రంలో విరిగితే ఆపద నాకు కాదు, తెప్ప మీది మనుషులకు. అరిగింది సీలు చోటు ఒక్కటే అయితే మాత్రం నన్ను పారేయకండి. మిగతా ఉక్కంతా గట్టిదే. అప్పుడప్పుడూ ఫ్యాను విప్పి చుట్టుకున్న దారం తీయండి. ఉక్కుకు బదులు తాను తుప్పుకు బలయ్యే జింకు దిమ్మ అరిగితే మార్చండి. నూనె రంగు మారిందంటే మరుసటి వేటదాకా ఆగకండి, ఆ రోజే విప్పి చూడండి.